అడగడానికి వచ్చారా, చెప్పిపోవడానికి వచ్చారా?
అప్పుల అభివృద్ధి – ఆదివాసీ అడవులు – ఒక ప్రశ్న చరిత్ర

పదిహేనేళ్ల కిందటి మాట. మా మండల కేంద్రంలో ఒక ప్రాజెక్టు మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా వేశారు. అధికారులకు కుర్చీలు, మాకు పట్టాలు. చుట్టూ పోలీసులు. బల్ల మీద ఒక లావుపాటి నివేదిక ఉంది. అది ఇంగ్లీషులో ఉంది. దాని సారాంశమంటూ ఐదారు పేజీలు తెలుగులో పంచారు. మా కోయ భాషలో ఒక్క ముక్క లేదు. టీచరునని నన్ను పిలిచి ఆ తెలుగు కాగితాలు చదివి చెప్పమన్నారు ఊరివాళ్లు. నేను చదివాను. చెట్లు ఎన్ని పోతాయో ఉంది. వాటి బదులు మొక్కలు ఎక్కడ నాటుతారో ఉంది. ఇళ్లకు ఎంత ఇస్తారో ఉంది. సర్వే రాళ్లు మాత్రం అప్పటికే రెండేళ్లుగా మా పొలాల్లో పాతి ఉన్నాయి.

నాకు వరసకు పెద్దమ్మ అయ్యే ఒకామె లేచి మైకు దగ్గరకు వెళ్లింది. ఆమెకు సంతకం రాదు. "అయ్యా, మీరు మమ్మల్ని అడగడానికి వచ్చారా, చెప్పిపోవడానికి వచ్చారా?" అంది. పై అధికారి నవ్వి, "అడగడానికే అమ్మా" అన్నాడు. "అయితే రాళ్లు ఎందుకు ముందే పాతారు?" అంది ఆమె. దానికి జవాబు రాలేదు. ఆమె మాట ఆరోజు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిందో లేదో కూడా మాకు తెలియదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. బడి సెలవుల్లో దొరికిన పుస్తకాలు, నివేదికలు చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒక సంగతి అర్థమైంది. మా పెద్దమ్మ అడిగిన ప్రశ్నే బ్రెజిల్ అడవుల్లో, ఫిలిప్పీన్స్ కొండల్లో, నర్మద ఒడ్డున, ఆఫ్రికాలోని కాంగో అడవుల్లో కూడా ఆదివాసులు అడిగారు. ఆ ప్రశ్నల ఒత్తిడికే ప్రపంచ బ్యాంకు లాంటి పెద్ద అప్పులిచ్చే సంస్థలు కొన్ని నియమాలు రాసుకోవలసి వచ్చింది. ఆ నియమాల్లో చివరిగా వచ్చినదాని పేరు 'వ్యూహాత్మక పర్యావరణ మదింపు'. పేరు బరువుగా ఉంది గాని, సంగతి మన ఇంటి సంగతే.

రెండు మదింపులు

మా తాత కొత్త ఇల్లు కట్టాలంటే ముందు ఆ చోట గింజలు పెట్టి, ఆకు కప్పి, రాత్రంతా ఉంచేవాడు. తెల్లవారి గింజలు చెదరకుండా ఉంటేనే అక్కడ గుంజ పాతేవాడు. చెదిరితే ఇంకో చోటు చూసేవాడు. గింజల శకునం నిజమా కాదా అన్నది వేరే చర్చ. నేను గమనించేది వరసను. ముందు అడగడం, తర్వాత గుంజ పాతడం. అంతకంటే ముందు, అసలు ఆ ఊళ్లో ఉండాలా, ఇంకో చోటికి పోవాలా అన్నది పెద్దలంతా కూర్చుని తేల్చేవారు.

'పర్యావరణ ప్రభావ మదింపు' అన్నది ఒక ప్రాజెక్టుకు చేసేది. ఫలానా చోట ఆనకట్ట కడితే ఏం మునుగుతుంది, ఎవరు లేచిపోవాలి, నష్టం తగ్గించడానికి ఏం చేయాలి అని చూస్తుంది. ఆనకట్ట కట్టాలన్న నిర్ణయం అప్పటికే అయిపోయి ఉంటుంది. 'వ్యూహాత్మక మదింపు' అంతకంటే ఒక మెట్టు ముందు నిలబడి చూస్తుంది. ఈ నది మొత్తం మీద ఎన్ని ఆనకట్టలు అనుకుంటున్నారు? కరెంటు కోసమే అయితే వేరే దారి లేదా? కొత్త అటవీ చట్టం రాస్తున్నారు కదా, దానివల్ల అడవిలో బతికేవాళ్లకు ఏమవుతుంది? విధానాలు, ప్రణాళికలు, చట్టాలు కాగితం మీద ఉన్నప్పుడే అడిగే ప్రశ్నలివి. గుంజ పాతక ముందు అడిగే ప్రశ్నలు.

ఈ ఆలోచనకు మూలం 1969లో అమెరికా చేసిన జాతీయ పర్యావరణ విధాన చట్టంలో ఉంది. ప్రభుత్వం చేసే పెద్ద పనులకే కాక, చట్ట ప్రతిపాదనలకు కూడా పర్యావరణ ప్రభావం రాసి చూపాలని అందులో ఉంది. కాని ఆచరణలో ఎక్కువగా మిగిలింది ప్రాజెక్టు మదింపే. మిగతా దేశాలు, బ్యాంకులు నేర్చుకున్నదీ అదే.

చికో నది కొండల్లో

ప్రపంచ బ్యాంకు 1944లో బ్రెట్టన్ వుడ్స్ సమావేశంలో పుట్టింది. యుద్ధంలో దెబ్బతిన్న దేశాలను నిలబెట్టడం మొదటి పని. తర్వాత మనలాంటి దేశాలకు ఆనకట్టలు, రోడ్లు, కరెంటు కోసం అప్పులివ్వడం మొదలుపెట్టింది. చాలా ఏళ్ల పాటు దాని లెక్కల్లో అడవికి కలప ధర ఉండేది, భూమికి పంట ధర ఉండేది. అందులో బతికే మనిషికి వేరే గడి లేదు. 1970లో ఒక పర్యావరణ సలహాదారును పెట్టుకుంది గాని, వేల కోట్ల అప్పుల మధ్య ఆ సలహా ఎంతవరకు వినబడుతుంది?

ఫిలిప్పీన్స్‌లో ఉత్తరాన కార్డిల్లెరా కొండలున్నాయి. అక్కడ కళింగ, బొంతోక్ తెగలవారు కొండవాలుల్లో మెట్లుమెట్లుగా వరిమళ్లు చేసుకుని బతుకుతారు. వాళ్ల మధ్య పారేది చికో నది. దాని మీద నాలుగు ఆనకట్టలు కట్టాలని మార్కోస్ ప్రభుత్వం అనుకుంది. 1970ల మొదట్లో సాధ్యాసాధ్యాల అధ్యయనానికి ప్రపంచ బ్యాంకు డబ్బిచ్చింది. సర్వే బృందాలు వచ్చాయి. ఊళ్లకు చెప్పలేదు, అడగలేదు.

కొండవాళ్లు సర్వే గుడారాలు పీకేశారు. ముందుకు వచ్చి అడ్డుకున్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఒకప్పుడు తమలో తాము కొట్టుకున్న ఊళ్లు వాళ్ల పాత శాంతి ఒప్పందాల పద్ధతి 'బోడోంగ్' ద్వారా ఒక్కటయ్యాయి. వాళ్ల పెద్ద మక్లి-ఇంగ్ దులాగ్. భూమి మనకంటే ఎక్కువ కాలం ఉంటుంది, మనం దానికి చెందుతాం గాని అది మనకు కాదు అన్నది ఆయన వాదన. 1980 ఏప్రిల్ 24 రాత్రి సైనికులు ఆయన ఇంటి మీద కాల్పులు జరిపి చంపేశారు. ఉద్యమం ఆగలేదు. ఆనకట్టలే ఆగాయి. ప్రపంచ బ్యాంకు వాటికి అప్పు ఇవ్వకుండానే పక్కకు తప్పుకుంది.

1982 ఫిబ్రవరిలో బ్యాంకు మొదటిసారి గిరిజనుల గురించి ఒక అంతర్గత నియమం రాసుకుంది. గిరిజనుల సంప్రదాయ భూముల్లోకి తెలిసి తెలిసి చొరబడే ప్రాజెక్టులకు, తగిన రక్షణలు లేకుండా సాయం చేయకూడదన్నది దాని సారం. ఆ కాగితం వెనుక చికో నది ఊళ్లున్నాయి. అది మనం పిల్లలకు చెప్పాలి. బ్యాంకు అధికారులకు ఒకరోజు కలలో తట్టిన మంచి ఆలోచన కాదది.

అడవిలోకి రోడ్డు

నియమం రాసుకున్న ఏడాది, దానికి ముందు ఏడాది, తర్వాతి ఏడాది అదే బ్యాంకు బ్రెజిల్‌లో ఏం చేసిందో చూడండి. బ్రెజిల్ వాయవ్యాన రొండోనియా, మాటో గ్రోసో ప్రాంతాల్లో 'పోలోనొరోయెస్తె' అనే పథకం. దానికి 1981–83 మధ్య సుమారు 43 కోట్ల డాలర్ల అప్పులిచ్చింది. ముఖ్యమైన పని బిఆర్-364 రోడ్డు. కుయబా నుంచి పోర్తో వెల్యో దాకా దాదాపు 1,500 కిలోమీటర్ల మట్టిరోడ్డును తారురోడ్డు చేయడం.

ప్రాజెక్టు మదింపు కళ్లతో చూస్తే ఇది ఉన్న రోడ్డుకు తారు వేయడమే. కొత్తగా అడవి కొట్టేది ఎంతో కాదు. కాని ఆ రోడ్డు తెరిచిన దారిలో దక్షిణాది నుంచి భూమిలేని రైతులు లారీల మీద వచ్చిపడ్డారు. 1970లో రొండోనియా జనాభా లక్షా పదకొండు వేలు. 1980కి నాలుగు లక్షల తొంభై వేలు. 1991కి పదకొండు లక్షలు దాటింది. వచ్చినవాళ్లు కూడా పేదలే, వాళ్లను నిందించి లాభం లేదు. పెద్ద భూస్వాముల చేతుల్లో ఉన్న దక్షిణాది భూములు పంచడం ఇష్టంలేక, ప్రభుత్వం వాళ్లకు ఆదివాసుల అడవిని చూపించింది.

ఆ అడవి ఖాళీగా లేదు. సురుయి, సింత లార్గ, నంబిక్వార, ఉరు-ఎవు-వవు-వవు ఇంకా ఎన్నో తెగలవారు అక్కడ ఉన్నారు. సురుయి వాళ్లకు ప్రభుత్వంతో మొదటి పరిచయం 1969లో. ఆ వెంటనే తట్టు, జలుబు జ్వరాలు వచ్చి వాళ్లలో సగానికి పైగా చనిపోయారు. నంబిక్వార భాష తెలిసిన డేవిడ్ ప్రైస్ అనే మానవ శాస్త్రవేత్తను 1980లో బ్యాంకు సలహాకు పెట్టుకుంది. వాళ్లకు రక్షణ ఏర్పాట్లు లేవని ఆయన గట్టిగా రాశాడు. అయినా అప్పు మంజూరైంది. ఆ అనుభవాన్ని ఆయన తర్వాత పుస్తకంగా రాశాడు.

అడవి తగలబడుతున్న పొగ బయటి ప్రపంచానికి కనిపించాక, అమెరికా పార్లమెంటులో విచారణలు జరిగాక, 1985 మార్చిలో బ్యాంకు ఆ పథకానికి డబ్బు ఇవ్వడం తాత్కాలికంగా ఆపింది. పర్యావరణం, ఆదివాసుల కారణంగా బ్యాంకు అలా చేయడం పెద్ద వార్త అయింది. అప్పటికే తారు వేయడం పూర్తయింది. 1987లో బ్యాంకు అధ్యక్షుడు బార్బర్ కోనబుల్ ఒక బహిరంగ ఉపన్యాసంలో పోలోనొరోయెస్తె విషయంలో బ్యాంకు తప్పటడుగు వేసిందని ఒప్పుకుని, పర్యావరణ విభాగాన్ని పెంచుతామన్నాడు.

ఇక్కడ ఉపాధ్యాయ మిత్రులు ఒక సంగతి గమనించాలి. ఈ నష్టాన్ని రోడ్డు మదింపు పట్టుకోలేదు. 'ఈ ప్రాంతంలోకి జనాన్ని తరలించే విధానం సరైనదేనా' అని ముందు అడిగి ఉంటే పట్టుకునేది. వ్యూహాత్మక మదింపు ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే పెద్ద పాఠం లేదు.

మన గోదావరికి అవతల

ఇదంతా ఎక్కడో దూరదేశం కథ అనుకోవద్దు. గోదావరిలో కలిసే ఇంద్రావతి పారే బస్తరులో మన బంధువులే ఉన్నారు. 1970ల చివర్లో అక్కడి సాల అడవి కొట్టి, కాగితం గుజ్జు కోసం విదేశీ పైన్ చెట్లు పెంచే పథకానికి ప్రపంచ బ్యాంకు సాంకేతిక సాయం ఇచ్చింది. సాల చెట్టు అక్కడివాళ్లకు నూనెగింజ, ఆకు, గుగ్గిలం, పండుగ, దేవుడు. పైన్ కింద గడ్డి కూడా సరిగా మొలవదు. ఆదివాసుల వ్యతిరేకతతో, కొందరు అధికారులు, మేధావులు కూడా గట్టిగా మాట్లాడటంతో ఆ పథకం ప్రయోగ దశలోనే ఆగిపోయింది. 1984లో అదే ఇంద్రావతి మీద బోధ్‌ఘాట్ జలవిద్యుత్ ప్రాజెక్టుకు బ్యాంకు 30 కోట్ల డాలర్ల అప్పు ఒప్పుకుంది. అటవీ అనుమతి చిక్కుల్లో పడి, ఆ అప్పు కూడా వెనక్కి పోయింది.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు, అంటే వీఎస్ఎస్‌లు, గుర్తున్నాయి కదా. ఆ పథకాలకు కూడా ప్రపంచ బ్యాంకు అప్పులున్నాయి. 2002లో మొదలైన సాముదాయిక అటవీ యాజమాన్య పథకం అందులో ఒకటి. అడవి మీద జనానికి భాగం ఇస్తామన్నారు. చాలాచోట్ల పోడు భూములు సమితుల ప్లాంటేషన్ల కిందికి పోయాయని ఆదివాసీ సంఘాలు ఆనాడే మొత్తుకున్నాయి. హక్కు ముందు తేల్చకుండా యాజమాన్యం గురించి మాట్లాడితే ఇట్లాగే అవుతుంది.

నర్మద నేర్పింది

1985లో సర్దార్ సరోవర్ ఆనకట్టకు, కాలువలకు బ్యాంకు 45 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. అప్పటికి మన దేశపు పర్యావరణ శాఖ అనుమతి రాలేదు. అది 1987లో షరతులతో వచ్చింది. చేయాల్సిన అధ్యయనాలు పని జరుగుతుండగా చేస్తామన్నారు. మూడు రాష్ట్రాల్లో కలిపి 245 ఊళ్లు మునిగే చోటు. లేచిపోయేవాళ్లలో సగానికి పైగా ఆదివాసులే అని అంచనా. అంతేకాదు, నర్మద లోయ ప్రణాళికలో 30 పెద్ద ఆనకట్టలున్నాయి, నూటికి పైగా మధ్యరకంవి, చిన్నవి వేలల్లో. అన్నీ కలిస్తే నదికి, లోయకు ఏమవుతుందని పని మొదలుకాక ముందే ఎవరూ మొత్తంగా లెక్కవేయలేదు. ఒక్కో ఆనకట్టను ఒంటరిగా చూశారు.

ఉద్యమం పెరిగాక బ్యాంకు 1991లో ఒక స్వతంత్ర సమీక్ష సంఘాన్ని వేసింది. దాని అధ్యక్షుడు బ్రాడ్‌ఫోర్డ్ మోర్స్. రెండో పెద్ద థామస్ బెర్గర్ అనే కెనడా జడ్జి. ఈ బెర్గర్ గురించి మన టీచర్లు తప్పక తెలుసుకోవాలి. 1974–77 మధ్య కెనడా ఉత్తరాన మెకంజీ లోయలో గ్యాస్ పైపులైను వేయాలా వద్దా అని విచారణ చేసింది ఆయనే. నగరంలో కూర్చుని కాగితాలు చూడలేదు. 35 ఆదివాసీ, ఉత్తరాది ఊళ్లకు స్వయంగా వెళ్లి, వాళ్ల భాషల్లో వాళ్లు చెప్పింది విన్నాడు. ప్రతిరోజూ విన్నది రేడియోలో ఆదివాసీ భాషల్లో ప్రసారమైంది. ఆదివాసుల భూహక్కులు తేలేవరకు పదేళ్లపాటు పైపులైను ఊసు ఎత్తవద్దని నివేదిక ఇచ్చాడు. పనికి ముందు వినడం, వాళ్ల ఊళ్లో వినడం, వాళ్ల భాషలో వినడం, 'వద్దు' అనే జవాబుకు చోటివ్వడం. మంచి మదింపు అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ ఉదాహరణతోనే.

మోర్స్ సంఘం 1992 జూన్‌లో నివేదిక ఇచ్చింది. పర్యావరణ షరతులు నెరవేరలేదు, ఉన్న పరిస్థితుల్లో అందరికీ పునరావాసం సాధ్యం కాదు, బ్యాంకు ఒక అడుగు వెనక్కి వేయాలి అని చెప్పింది. బ్యాంకు వెంటనే వినలేదు. కొత్త గడువులు పెట్టింది. చివరికి 1993 మార్చిలో మన ప్రభుత్వమే మిగిలిన అప్పు వద్దని చెప్పింది. ఆనకట్ట మాత్రం మన డబ్బుతో కట్టారు. 2017లో జాతికి అంకితం చేశారు. అప్పు ఆగితే ప్రాజెక్టు ఆగుతుందన్న భ్రమ కూడా నర్మద దగ్గరే పోయింది.

నియమాలు వచ్చాయి, దారి మారింది

1989లో బ్యాంకు పర్యావరణ మదింపును తప్పనిసరి చేసింది. అదే ఏడాది అమెరికా ఒక చట్టం చేసింది. మదింపు నివేదిక 120 రోజుల ముందు బయట పెట్టకపోతే, పర్యావరణం మీద పెద్ద ప్రభావం ఉండే అప్పులకు అమెరికా ప్రతినిధి ఓటు వేయకూడదన్నది దాని సారం. బ్యాంకులో అమెరికా వాటా పెద్దది కాబట్టి ఆ మాటకు బరువుంది. 1991లో నియమం ఇంకా వివరంగా వచ్చింది. ఒక రంగం మొత్తానికి, ఒక ప్రాంతం మొత్తానికి మదింపు చేయవచ్చన్న మాట అందులో ఉంది. 1993లో తనిఖీ ప్యానెల్ వచ్చింది. బ్యాంకు తన నియమాలు తానే తప్పినందువల్ల నష్టపోయామని ఇద్దరు మనుషులు కలిసినా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. మొదటి ఫిర్యాదు నేపాల్‌లోని అరుణ్-3 ఆనకట్ట మీద. 1995లో బ్యాంకు దాన్నుంచి తప్పుకుంది. ఆ తర్వాతే నేపాల్‌లో మధ్యతరహా జలవిద్యుత్ స్థలాలన్నిటినీ ఒకచోట పెట్టి, ప్రకృతికి, మనుషులకు ఎక్కడ నష్టం తక్కువో ముందే పోల్చి చూసే పని జరిగింది. ఒక స్థలాన్ని పట్టుకుని వేలాడకుండా అన్నిటినీ పోల్చడమే వ్యూహాత్మక చూపు.

కాని ఈలోగా అప్పులిచ్చే తీరే మారింది. రోడ్డుకో ఆనకట్టకో కాకుండా, 'మీ చట్టాలు ఇలా మార్చండి, మీ ఖజానాకు డబ్బిస్తాం' అనే విధాన రుణాలు పెరిగాయి. చట్టం మార్చడంలో బుల్డోజరు ఉండదు, సర్వే రాయి ఉండదు. అయితే మదింపు దేనికి చేయాలి? నియమాల్లో పెద్ద కంత అక్కడే ఉంది.

కాంగో పిగ్మీలు అడిగిన ప్రశ్న

డెమోక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగోలో అమెజాన్ తర్వాత ప్రపంచంలోనే పెద్ద వర్షారణ్యం ఉంది. కోట్లాది మంది ఆ అడవి మీద ఏదో ఒక విధంగా ఆధారపడి బతుకుతారు. వాళ్లలో మొదటివాళ్లు, అందరికంటే వెనక్కి నెట్టబడినవాళ్లు పిగ్మీ తెగలు. వేట, తేనె, దుంపలు, మందు మొక్కలు వాళ్ల బతుకు. పన్ను కాగితం లేదు, పట్టా లేదు.

లక్షల మందిని మింగిన యుద్ధం ముగుస్తుండగా 2002లో ప్రపంచ బ్యాంకు అక్కడ మళ్లీ అప్పులు మొదలుపెట్టింది. ఆ ఆగస్టులోనే కొత్త అటవీ చట్టం వచ్చింది. అడవిని మండలాలుగా విడగొట్టడం, కలప కంపెనీల పాత లైసెన్సులను సరిచూసి కొత్త ఒప్పందాలుగా మార్చడం దాని కింద చేయాల్సిన పనులు. బ్యాంకు ఇచ్చిన డబ్బులో ఈ సంస్కరణలకు సాయం కూడా ఒక భాగం.

2005లో పిగ్మీ సంఘాలు తనిఖీ ప్యానెల్‌కు ఫిర్యాదు రాశాయి. మా అడవి గీతలు గీస్తున్నారు, మమ్మల్ని అడగలేదు, మేము ఉన్నామన్నదే మీ కాగితాల్లో లేదు అన్నది సారాంశం. బ్యాంకు సిబ్బంది ఇచ్చిన జవాబు మనం గుర్తుపెట్టుకోవాలి. ఇంకా ఏ అడవీ కొట్టలేదు కదా, మేం చేసేది చట్టాల పని కదా, అందుకే ఆ నియమాలు వర్తించవన్నట్టు వాదించారు.

ప్యానెల్ కాంగో వెళ్లి చూసింది. 2007 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. ఆ పథకం ప్రాంతాల్లో పిగ్మీలు ఉన్నారని బ్యాంకు గుర్తించలేదని, వాళ్లకోసం చేయాల్సిన ప్రణాళిక చేయలేదని, అటవీ పనికి జరగాల్సిన పర్యావరణ మదింపు జరగలేదని తేల్చింది. కలప ఆదాయం మీద చూపు పెట్టి, అడవిలో బతికేవాళ్లకు ఆ అడవి ఇచ్చే విలువను తక్కువగా లెక్కవేశారని కూడా చెప్పింది. లైసెన్సుల తనిఖీకి వచ్చిన 156 దరఖాస్తుల్లో 2009 నాటికి 65 మాత్రమే నిలిచాయి. కొత్త లైసెన్సుల మీద నిషేధం కాగితం మీద కొనసాగింది. పిగ్మీ ప్రజల హక్కుల కోసం ప్రత్యేక చట్టం 2022 జూలైలో వచ్చింది. ఆ ఫిర్యాదు ఒక్కదానివల్లే వచ్చిందని చెప్పను. కాని 'మేము ఉన్నాం' అని వాళ్లు పుస్తకాల్లోకి ఎక్కింది ఆ పోరాటాలతోనే.

నాకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద విషయం ఇది: చట్టం కూడా ఆనకట్టలాగే మనుషుల్ని ముంచగలదు. నీళ్లు కనిపించవు, అంతే తేడా.

కాగితం చేసేది, చేయలేనిది

వ్యూహాత్మక మదింపు ఇప్పుడు చాలా చోట్ల నియమమైంది. యూరప్ దేశాలకు 2001లో ఆదేశం వచ్చింది. 2003లో కీవ్ నగరంలో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరి, 2010లో అమల్లోకి వచ్చింది. అప్పులు, సాయాలు ఇచ్చే దేశాలు 2005 పారిస్ ప్రకటనలో ఈ మాట ఒప్పుకున్నాయి, 2006లో ఎలా చేయాలో మార్గదర్శకాలు రాసుకున్నాయి. ప్రపంచ బ్యాంకు 2004లో విధాన రుణాలకూ పర్యావరణ ప్రభావం చూడాలన్న నియమం పెట్టింది. 2018 నుంచి అమలవుతున్న దాని కొత్త నియమావళిలో వ్యూహాత్మక మదింపు ఒక పనిముట్టుగా ఉంది. కొన్ని పరిస్థితుల్లో ఆదివాసుల స్వేచ్ఛాయుత, ముందస్తు, సమాచారంతో కూడిన సమ్మతి కావాలన్న మాటా ఉంది.

అయినా కాగితాన్ని మాత్రమే నమ్ముకోలేం. కెన్యా అటవీ చట్టం మీద బ్యాంకు 2006–07లో వ్యూహాత్మక మదింపు చేయించింది. అదే దేశంలో 2014 జనవరిలో ఎంబోబుట్ అడవిలో సెంగ్వేర్ ఆదివాసుల గుడిసెలను అటవీ సిబ్బంది తగలబెట్టారు. ఆ అడవి ప్రాంతంలో బ్యాంకు పథకం నడిచింది. ఈ తొలగింపులకు బ్యాంకు డబ్బు నేరుగా వాడలేదని ప్యానెల్ చెప్పింది. కాని ఆ ప్రమాదాన్ని బ్యాంకు ముందే పసిగట్టి ఉండాల్సిందని కూడా చెప్పింది. మదింపు బాగా రాసినా, హక్కు చేతిలో లేకపోతే గుడిసె నిలవదు.

మన దేశం సంగతికొస్తే, 1994లో, మళ్లీ 2006లో వచ్చిన పర్యావరణ నోటిఫికేషన్లు ప్రాజెక్టులకు మదింపు అడుగుతాయి. విధానాలకు, చట్టాలకు వ్యూహాత్మక మదింపు మన దగ్గర తప్పనిసరి కాదు. అందుకే ఒక లోయలో గనులు, రోడ్డు, ఆనకట్ట, కరెంటు లైను నాలుగు వేర్వేరు కాగితాలుగా వస్తాయి. నాలుగూ పడేది ఒకే ఊరి మీద.

కాని మన చేతిలో వేరే ఆయుధాలున్నాయి. 1/70 భూబదలాయింపు చట్టం ఉంది. 1996 పెసా చట్టం భూసేకరణకు ముందే గ్రామసభను సంప్రదించాలంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఊరికి సాముదాయిక హక్కు ఇస్తుంది. 1997 సమత తీర్పు మన విశాఖ మన్యం నుంచే వచ్చింది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు కూర్చుని బాక్సైట్ గని వద్దని ఒక్కొక్కటిగా తేల్చి చెప్పాయి. ఆ 12 సభలను నేను నిజమైన వ్యూహాత్మక మదింపు అంటాను. అందులో కన్సల్టెంటు లేడు. కొండను తెలిసినవాళ్లు కొండ గురించి మాట్లాడారు.

బడిలో మనం చేయగలిగేది

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, తోటి టీచర్లకు నాదొక విన్నపం. ఏ పథకం వచ్చినా ఐదు ప్రశ్నలు అలవాటు చేసుకుందాం. నిర్ణయం అయిపోయిందా, ఇంకా కాలేదా? డబ్బు ఎవరిది, వాళ్ల నియమాలేమిటి? ఇదొక్కటేనా, మన ప్రాంతం మీద ఇంకేమేం రాబోతున్నాయి? వేరే దారి చూశారా? మేము వద్దంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబులు రాతలో అడగాలి. మన ప్రశ్నలు గ్రామసభ తీర్మానంలోకి, మినిట్స్‌లోకి ఎక్కించాలి. కాంగో అడవిలోంచి రాసిన ఉత్తరం వాషింగ్టన్‌లో తలుపు తట్టింది కదా, రాత విలువ అది.

ఎనిమిదో తరగతి పిల్లలతో నేను రెండేళ్లుగా ఒక పని చేయిస్తున్నాను. ఊరి పటం గీయిస్తాను. ఇళ్లు, బోర్లు కాదు. తునికాకు కోసే చోటు, విప్పచెట్లు, ఎండాకాలం ఊరే చెలమ, వేల్పుల చోటు, పశువులు తిరిగే దారి. పేర్లు ముందు కోయలో, పక్కన తెలుగులో రాయిస్తాను. తెలియనివి ఇంటికెళ్లి తాతమ్మలను అడిగి రమ్మంటాను. ఏ నివేదికలోనూ లేని నలభై పేర్లు మొదటి ఏడాదే బయటపడ్డాయి. రేపు ఎవరైనా లావుపాటి పుస్తకం పట్టుకుని వచ్చి 'ఇక్కడ ఏమీ లేదు' అంటే, ఆ పిల్లలు పటం విప్పి చూపిస్తారు.

మైకు దగ్గర నిలబడ్డ మా పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆ పటాల్లో మొదటిదాని మీద పిల్లలు ఆమె చెప్పిన చెలమ పేరే పెద్ద అక్షరాలతో రాశారు.